లాగే ముందు బండి కింద చూడండి

హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ నుంచి నందిగామ దాకా ఏ పూట వెళ్లినా, ఆగిపోయిన కారును ఎక్కించుకుని పోయే ఫ్లాట్‌బెడ్ ఒకటైనా ఎదురవుతుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లు ముందుగా నేర్చుకునేది వించ్ రిమోట్ నొక్కడం. దానికి అయిదు నిమిషాలు చాలు. అసలు పనంతా ఆ బటన్ మీద వేలు పెట్టకముందే జరిగిపోవాలి. ఎందుకంటే వించ్ దొర్లే బండిని లాగడానికి తయారైన సాధనం. దొర్లని బండిని కూడా అది లాగుతుంది. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

చిన్న లెక్క చూడండి. కారు బరువు 1500 కిలోలు. బెడ్ వెనక్కి జారి నేలకు ఆనినప్పుడు వాలు 15 డిగ్రీలు అనుకుందాం. నాలుగు చక్రాలూ హాయిగా తిరుగుతుంటే ఆ కారును పైకి లాగడానికి రోపు మీద పడే బరువు 400 కిలోలకు కాస్త అటూ ఇటూ. హ్యాండ్ బ్రేకు వదలక వెనక చక్రాలు రెండూ పట్టేసి ఉంటే అది 700 దాటుతుంది. నాలుగూ బిగుసుకుపోతే 1200 పైమాటే. అదే కారు, అదే బెడ్, మూడు రెట్ల బరువు. బయట నిలబడ్డవాడికి మాత్రం మోటారు మోత కాస్త బరువెక్కినట్టు వినిపిస్తుంది, అంతే. ఆ మోత మారిందంటే ఆపాలి. ఇంకాస్త నొక్కితే వచ్చేస్తుందిలే అనుకునేవాడు ఈ పనిలో ఎక్కువ కాలం నిలవడు, నిలిచినా పది వేళ్లతో నిలవడు.

కాబట్టి బండి దగ్గరికి వెళ్లగానే రోపు తీయకండి. ఒకసారి చుట్టూ తిరిగి, వంగి, కింద చూడండి. హ్యాండ్ బ్రేకు, గేరు సంగతి అందరూ చూస్తారు. స్టీరింగ్ లాక్ సంగతి మరిచిపోతారు. తాళంచెవి తీసేసిన బండిలో ముందు చక్రాలు ఏ వైపు తిరిగి ఉంటే ఆ వైపే ఉండిపోతాయి, లాగేకొద్దీ బండి బెడ్ అంచు మీదికి పోతుంది. కొత్త కార్లలో హ్యాండ్ బ్రేకు బటన్‌గా మారిపోయింది. బ్యాటరీ పడిపోతే ఆ బ్రేకు వదలదు. అప్పుడు జంప్ స్టార్టర్ పెట్టి కరెంటు ఇవ్వడమే దారి. ఆటోమేటిక్ బండి పార్కింగ్‌లో ఇరుక్కుంటే, చాలా మోడళ్లలో గేరు లివర్ పక్కన చిన్న మూత కింద లాక్ వదిలించే మీట ఉంటుంది. ఏ మోడల్‌కు ఎక్కడ ఉందో ఓనరు మాన్యువల్‌లో రాసి ఉంటుంది. అది కారు డ్యాష్‌బోర్డు అరలోనే పడి ఉంటుంది, తీసి చూసేవాళ్లే తక్కువ. గుద్దుకున్న బండి అయితే మడ్‌గార్డు రేకు టైరులోకి దిగిందేమో, కింది ఆర్మ్ విరిగి చక్రం వంకర పోయిందేమో చూడాలి. రేకును గడ్డపారతో బయటికి వంచితే చాలు, సగం సమస్య తీరుతుంది.

ఏం చేసినా చక్రం తిరగదనుకోండి. అప్పుడు టైరు కింద ప్లాస్టిక్ స్కేట్లు పెట్టి జారేలా చేసి లాగాలి. స్కేట్లు లేనివాళ్లు బెడ్ మీద సబ్బు నీళ్లు పోస్తారు. అది పనిచేస్తుంది, నేను కాదనను. అయితే జారుడు రెండు వైపులా ఉంటుంది. పైకి సులువుగా వచ్చిన బండి రోపు వదిలితే కిందికి అంతకంటే సులువుగా పోతుంది. బండి పైకి చేరగానే చక్రాలకు అడ్డు దిమ్మలు వేయాలి, బెల్టులు బిగించేదాకా రోపు మీది బరువు తీయకూడదు, తర్వాత బెడ్ కడగాలి. ఆ సబ్బు మీద మరుసటి రోజు జారేది కారు కాదు, హెల్పరు.

ఇక బురద. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు నీట మునిగినప్పుడు కార్లు, ఆటోలు, బైకులు ఎన్నెన్ని నీళ్లలో నానాయో మనందరం చూశాం. నీళ్లు తీశాక ఆ బండ్లను ఎక్కించే పని మామూలు బ్రేక్‌డౌన్ పని లాంటిది కాదు. రోజుల తరబడి నానితే బ్రేకు షూలు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుంటాయి. హ్యాండ్ బ్రేకు కిందికి దించినా చక్రం తిరగదు. డ్రమ్ము మీద సుత్తితో మెల్లగా తట్టి, బండిని ముందుకీ వెనక్కీ కాస్త ఊపి వదిలించాలి. తలుపులు తెరిచి లోపలి నీళ్లు, డిక్కీలో నిలిచిన నీళ్లు పోనివ్వాలి. లీటరు నీళ్లంటే కిలో బరువు, ఊరికే ఎందుకు లాగడం? టైరు మునిగేంత బురదలో దిగిన బండి, తన బరువంత అదనపు బరువై రోపును పట్టి లాగుతుందని రికవరీ పనిలో పాత లెక్క. మడ్‌గార్డు దాకా దిగితే అది బరువుకు రెట్టింపు. ముందు పారతో చక్రాల ముందు బురద తీసి దారి చేయండి, పలకలు వేయండి. పావుగంట పార పని ఖరీదైన రోపును కాపాడుతుంది. ఇంకో మాట, ఓనరు ఎంత బతిమాలినా మునిగిన బండికి తాళం తిప్పనివ్వకండి. సిలిండర్లలో నీళ్లుంటే ఒక్క స్టార్టుకే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, నింద మీ మీదికి వస్తుంది.

ఇప్పుడు వించ్ దగ్గరికి వద్దాం. దాని మీద ఉన్న అంకెను చాలామంది తప్పుగా చదువుతారు. 9500 అని ఉంటే అవి పౌండ్లు. కిలోల్లో 4300 చిల్లర. 12000 అంటే 5400 కిలోల చిల్లర. ఆ బలం కూడా వించ్ డ్రమ్ము మీద ఒక్క పొర రోపు మిగిలి ఉన్నప్పుడే. పైన పొర మీద పొర చుట్టుకుంటున్న కొద్దీ డ్రమ్ము లావెక్కి, లాగే బలం పొరకు సుమారు పది పదిహేను శాతం చొప్పున తగ్గిపోతుంది. నాలుగో పొరకు వచ్చేసరికి మూడో వంతు పోయినట్టే. ఎక్కించే పనిలో ఇది ఎదురు తిరుగుతుంది. బండి దగ్గరికి వస్తున్నకొద్దీ రోపు చుట్టుకుంటుంది కదా, అంటే బండి మొత్తం వాలు మీదికి ఎక్కేసరికి వించ్ బలహీనంగా ఉంటుంది. అందుకే వించ్ కొనేటప్పుడు లాగాల్సిన బండి బరువుకు ఒకటిన్నర రెట్లు చూసుకోమంటారు. డ్రమ్ము మీద కనీసం అయిదు చుట్లు ఎప్పుడూ ఉంచాలి. రోపును పట్టి ఉంచేది ఆ చుట్ల రాపిడి. కొసన ఉన్న స్క్రూ బరువు మోయడానికి పెట్టింది కాదు.

బరువెక్కువైనప్పుడు స్నాచ్ బ్లాక్ వాడండి, అంటే పక్క తెరుచుకునే గిలక. వించ్ రోపును ఎక్కించే బండికి కట్టిన గిలకలోంచి తిప్పి మళ్లీ మన బెడ్ మీది గట్టి చోటికే తగిలిస్తే రోపు మీద, మోటారు మీద సగం బరువే పడుతుంది. వేగం కూడా సగమవుతుంది, అది నష్టం అనుకోకండి. రోపు ఎక్కువ బయటికి పోతుంది కాబట్టి డ్రమ్ము మీద పొరలు తగ్గుతాయి, ఆ లాభం వేరే. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. రోపు మీద బరువు సగమైనా, గిలక మీద, గిలకను బండికి కట్టిన గొలుసు మీద పడేది పూర్తి బరువే. అక్కడ నాసిరకం షాకిల్ పెడితే మొత్తం ఏర్పాటు వృథా.

ఎలక్ట్రిక్ వించ్ పూర్తి బరువు మీద 400 ఆంపియర్ల దాకా తాగుతుంది. ఆల్టర్నేటర్ ఇచ్చేది వంద లోపే. మిగతాది బ్యాటరీ నుంచి పోతోంది. కాబట్టి ఇంజిన్ నడుస్తుండగానే లాగాలి, నిమిషం గట్టిగా లాగితే కాసేపు ఆపాలి, మోటారు మీద చెయ్యి వేసి చూడాలి. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే అది చల్లారేదాకా టీ తాగండి. బరువు మీద ఉండగా వించ్ క్లచ్ లివర్‌ను ముట్టుకోవద్దు. బండిని దించేటప్పుడు కూడా మోటారు తిప్పుతూనే దించాలి, లివర్ వదిలి జారనివ్వకూడదు.

రోపు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ పనిలో ప్రాణం తీసేది అదే. ఇనుప రోపు తెగితే వించ్ వైపు, బండి వైపు రెండు దిక్కులా కొరడాలా తిరిగి వస్తుంది. తప్పుకునే వ్యవధి ఉండదు. రోజూ పొద్దున బయటికి మొత్తం లాగి, గుడ్డ పట్టుకుని దాని మీద పోనిచ్చి చూడండి. తీగ తెగిన చోట గుడ్డ చిక్కుకుంటుంది. రోపులో ఒక పేట పూర్తిగా ఒక చుట్టు తిరిగేంత పొడవును ఒక లే అంటారు. ఆ పొడవులో అక్కడక్కడా ఆరు తీగలు, లేదా ఒకే పేటలో మూడు తీగలు తెగి కనిపిస్తే ఆ రోపు పని అయిపోయినట్టు. ఒక్క చోట మడత పడి గట్టిగా వంగినా అంతే. దాన్ని సుత్తితో కొట్టి సాఫు చేసి మళ్లీ వాడే అలవాటు మన దగ్గర ఉంది. సాఫుగా కనిపించేది పైకే, లోపలి తీగలు అప్పటికే నలిగిపోయి ఉంటాయి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో తుప్పు లోపలి నుంచి వస్తుంది, అక్కడ నూనె పట్టించడం ఇంకా తరచుగా జరగాలి.

సింథటిక్ రోపు తేలిక, తెగినా ఇనుము అంత విసురుగా రాదు, చేతులకు తీగలు గుచ్చుకోవు. దానికి శత్రువులు ఎండ, వేడి, పదునైన అంచులు. మన మే నెల ఎండలో రోజంతా మూత లేకుండా వదిలేస్తే బలం తగ్గిపోతుంది. ఇనుప రోపు గీతలు పెట్టిన పాత రోలర్ మీదే దాన్ని నడిపితే కోసుకుపోతుంది. రోపు మారిస్తే ఆ రోలర్ తీసేసి, రోపు బయటికి వచ్చే చోట నునుపైన గైడు కూడా పెట్టాలి.

కొసన లూప్ వేసేటప్పుడు రోప్ క్లాంపులు ఎటు పడాలో తెలియకుండా వేసేవాళ్లు చాలామంది. గాడి ఉన్న జీను భాగం బరువు మోసే రోపు మీద, యూ బోల్టు వంపు మిగిలిన కొస ముక్క మీద పడాలి. అన్ని క్లాంపులూ ఒకే వైపు. ఒకటి ఇటూ ఒకటి అటూ వేస్తే చూడటానికి సమంగా ఉంటుంది, రోపు మాత్రం బరువు మోసే చోటే నలుగుతుంది. మొదటిసారి బరువు పడ్డాక నట్లు మళ్లీ బిగించాలి. ఎంత బాగా వేసినా క్లాంపుల లూప్ రోపు బలంలో ఎనభై శాతం దగ్గరే ఉంటుంది.

తగిలించే చోటు. కార్ల టూల్ కిట్‌లో ఒక రింగు ఉంటుంది, బంపర్‌లో చిన్న మూత తీసి అక్కడ మర తిప్పి బిగించాలి. కొన్ని మోడళ్లలో అది ఎడమ మర, తిరగడం లేదని బలవంతం చేయకుండా రెండో వైపు తిప్పి చూడండి. చివరిదాకా బిగియాలి, సగం మరల మీద లాగితే ఊడి వస్తుంది. అది నేరుగా లాగడానికే, పక్కకు లాగితే వంగిపోతుంది. రింగు లేకపోతే రెండు వైపులా పట్టే వి ఆకారపు గొలుసు వాడతారు. దాని రెండు కాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలు ఉంటే ఒక్కో కాలు మీద బరువులో 58 శాతం పడుతుంది. 120 డిగ్రీలకు విప్పితే ఒక్కో కాలూ మొత్తం బరువు మోస్తుంది. గొలుసు పొట్టిగా ఉందని కాళ్లు బాగా విప్పి తగిలించేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. స్టీరింగ్ రాడ్డుకు, రేడియేటర్ పట్టీకి, బంపర్‌కు కొక్కెం వేయడం పని కాదు, కొత్త రిపేరు బిల్లు. కొక్కెం నోరు పైకి ఉండాలి. జారితే నేల వైపు పోతుంది, మొహం వైపు రాదు.

ఇక లాగుడు. ముందు బెడ్డును బండికి సూటిగా నిలపండి, బండిని బెడ్డు వైపు వంచాలని చూడకండి. పక్కవాటంగా లాగితే రోపు డ్రమ్ములో ఒక మూలకే కుప్ప పడి, అడుగు పొర నలుగుతుంది. తోలు గ్లౌజులు వేసుకోండి, కానీ రోపు చుట్టుకునేటప్పుడు చేత్తో నడిపించకండి. కొక్కెం చివర ఒక గుడ్డ పట్టీ కట్టుకుని దాన్నే పట్టుకోవాలి. ముందు వదులు తీసి, రోపు తిన్నగా బిగిశాక ఆగి, ఒకసారి అన్నీ చూసి, అప్పుడు మెల్లగా. వదులుగా ఉన్న రోపు మీద ఒక్క కుదుపు పడితే మామూలు బరువుకు రెట్టింపయినా ఆశ్చర్యం లేదు. రోపు మధ్యలో దళసరి గోనె పట్టానో పాత దుప్పటో వేయండి, తెగితే విసురు కొంత తగ్గుతుంది.

మాట ఒక్కరిదే ఉండాలి. రిమోట్ పట్టినవాడికి చెప్పేది ఒకడే హెల్పరు. కాకపోతే 'ఆపు' అనే హక్కు మాత్రం అందరికీ ఉండాలి, బండి ఓనరుకు కూడా. హైవే పక్క బండి ఆగితే నాలుగు నిమిషాల్లో పదిమంది చేరతారు, ఇద్దరు ఫోను తీస్తారు. వాళ్లను దూరం పంపకుండా లాగుడు మొదలుపెట్టకండి. సాగిన రోపు ఎంత పొడవో, కనీసం అంత దూరం. 'ఏం కాదులే అన్నా, మేం చూసుకుంటాం' అన్నవాడే ముందు రోపు దాటి పోతాడు. బిగిసిన రోపును ఎవరూ దాటకూడదు, ఎక్కుతున్న బండి వెనక ఎవరూ నిలబడకూడదు, నెట్టకూడదు. సీట్లో మనిషి లేకుండా ఎక్కించగలిగితే మంచిది. ఇంజిన్ ఆగిన బండిలో రెండు మూడు తొక్కుళ్ల తర్వాత బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుందని సీట్లో కూర్చున్నవాడికి తెలియదు.

పల్లెల్లో బొలెరో వెనకో ట్రాక్టర్ వెనకో తగిలించే ట్రైలర్ మీద బండి ఎక్కించేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. ట్రైలర్ అప్పటికే లాగే బండికి తగిలించి ఉండాలి, వెనక కొసన స్టాండ్లు వేయాలి. లేకపోతే బరువు వెనక అంచు మీద పడగానే ముందు కొక్కెం పైకి లేస్తుంది. ఎక్కాక బరువులో సుమారు అరవై శాతం ట్రైలర్ ఇరుసుకు ముందు వైపు ఉండేలా జరపండి. వెనక బరువెక్కువైతే రోడ్డు మీద ట్రైలర్ తోక ఊపుతూ లాగే బండిని కూడా ఊపేస్తుంది. ఎక్కించాల్సింది ట్రాక్టరే అయితే, దాన్ని నడిపి ఎక్కించడం కంటే, ముందు నుంచి కింద తగిలించి వించ్‌తో లాగడమే నయం. నడిపితే వెనక ఇరుసు మీద ముక్కు లేచే గుణం దానికుంది.

పైకి చేరిందంటే వించ్ పని అయిపోయింది, బండిని పట్టుకునే పని దానిది కాదు. నాలుగు చక్రాలకూ రాట్చెట్ బెల్టులు, గేరులో పెట్టి హ్యాండ్ బ్రేకు. పది పదిహేను కిలోమీటర్లు పోయాక ఒకసారి ఆగి బెల్టులు చెయ్యి పెట్టి చూడండి. టైర్లు సర్దుకుని వదులు పడి ఉంటాయి. ఎక్కించాక ఎత్తు ఎంతయిందో కూడా లెక్క చూసుకోవాలి. ఊళ్లలో రైల్వే అండర్ బ్రిడ్జి కింద ఇరుక్కున్న ఫ్లాట్‌బెడ్డును లాగడానికి ఇంకో ఫ్లాట్‌బెడ్ రావడం మంచి దృశ్యం కాదు.

ఎలక్ట్రిక్ కార్లు ఈ పనిలోకి కొత్తగా వచ్చాయి. వాటిని చక్రాల మీద రోడ్డు వెంట లాక్కుపోకూడదు, చక్రం తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది. ఫ్లాట్‌బెడ్డే వాటికి సరైన బండి. ఎక్కించే నాలుగడుగులు న్యూట్రల్‌లో, నడక వేగంతో. అడుగున బ్యాటరీ పళ్లెం ఉంటుంది, గొలుసు కొక్కెం దానికి ఆనకూడదు. కాషాయం రంగు కేబుళ్లు కనిపిస్తే చెయ్యి పెట్టకండి. గుద్దుకున్నదో మునిగినదో అయితే యార్డులో మిగతా బండ్లకు దూరంగా దించండి, ఆ బ్యాటరీలు గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు.

ఎక్కించకముందు బండి నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి, పాత సొట్టలతో సహా. ఓనరు ఎదుటే తీస్తే ఇంకా మంచిది, తర్వాత గొడవ ఉండదు. హైవే మీద జనం, ట్రాఫిక్ అదుపులో లేకపోతే 1033కు ఫోన్ చేసి పెట్రోలింగ్ బండిని పిలవండి, వాళ్లు కోన్లు పెట్టేదాకా పని ఆపండి.

ఈ పనిలో చేరబోయేవాళ్లు జీతం సంగతితో పాటు ఫ్లాట్‌బెడ్ ఓనరును ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. రోపు ఎప్పుడు మార్చారు, గ్లౌజులు, బెల్టులు ఎవరు కొంటారు. రోపు మార్చే ఖర్చు ఆ ఓనరుది, హెల్పరుది కాదు. 'ఇంకో ఆర్నెల్లు వస్తుందిలే' అనే సమాధానం వస్తే, ఆటోనగర్‌లో ఇంకో బండి చూసుకోండి.